ఎక్స్‌రే తీస్తే చాలదు, చదివేవారు కావాలి

పల్లెలో జబ్బుపడిన మనిషి పట్నం వెళితే మొదట వినే మాట "ఫొటో తీయించుకురండి" అన్నదే. నడుం నొప్పి అయినా, నెలల తరబడి దగ్గు అయినా, కడుపులో పోటు అయినా, గర్భిణి పరీక్షకు వెళ్లినా ఎక్స్‌రేనో స్కానింగో తప్పడం లేదు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఒంటిని కోయకుండా లోపల ఏముందో చూడగలగడం వైద్యానికి దొరికిన గొప్ప వరం. నాడి పట్టి, నాలుక చూసి ఊహించుకోవలసిన రోజులు పోయి, కంటితో చూసి మందు రాసే రోజులు వచ్చాయి.

అయితే పల్లె రోగి అనుభవం వేరుగా ఉంది. ఫొటో తీయించుకుంటాడు, డబ్బు కడతాడు, పెద్ద కవరు చంకలో పెట్టుకుని బస్సెక్కుతాడు. ఆ ఫిల్ములో ఏముందని ఇంటివాళ్లు అడిగితే చెప్పలేడు. చెప్పినవారూ ఉండరు. కొన్నాళ్లకు మరో డాక్టరు దగ్గరకు వెళితే పాత ఫొటో పనికిరాదని కొత్తది తీయిస్తారు. కవర్లు పెరుగుతాయి, అప్పు పెరుగుతుంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఫొటో తీయడం సగం పని. దాన్ని తెలిసినవారు చదవడం మిగతా సగం. ఆ చదివేవారికి రోగి ఏ నీళ్లు తాగుతాడో, ఏ పని చేస్తాడో, జబ్బు ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఆ చదువు కూడా అరకొరే. మన ప్రాంతానికి ఈ విషయం కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. ఎనభై ఏళ్లకు పైగా మన ఎముకలే చెబుతున్నాయి.

మన నేల చెప్పిన పాఠం

పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఆ పేరు పుట్టకముందే, 1937లో, ఈ తాలూకాల జనం నడుము వంగి, మెడ బిగిసి, కాళ్లు ఈడ్చుకుంటూ నడవడానికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని వైద్య పత్రికలో వెల్లడయింది. మనుషుల్లో ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్నదని లోకానికి తెలిసింది ఇక్కడి నుంచే.

ఆ నివేదిక రాసిన నలుగురిలో షార్ట్, మెక్‌రాబర్ట్, నాయర్‌లతో పాటు బార్నార్డ్ ఒకరు. ఆయన ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన బార్నార్డ్ రేడియాలజీ సంస్థ ఆయన పేరు మీదనే ఉంది. నీటిని పరీక్షించేవారితో, రోగిని చూసే వైద్యులతో కలిసి ఎక్స్‌రే చదివే మనిషి కూడా కూర్చున్నందువల్లనే జబ్బు గుట్టు బయటపడింది.

ఫ్లోరోసిస్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. వెన్నుపూసల అంచుల్లో ముళ్లలా ఎముక పెరుగుతుంది. ఎముకలను కలిపే పట్టీలు గట్టిపడి సున్నం పేరుకుంటాయి. మోచేతికీ మణికట్టుకూ మధ్య పక్కపక్కనే ఉండే రెండు ఎముకల నడుమ ఉన్న పల్చని పొర కూడా సున్నం పట్టి ఫిల్ములో గీతలా కనిపిస్తుంది. ఈ గుర్తు చూస్తే తెలిసిన డాక్టరుకు అనుమానం రాక తప్పదు.

ఆ గుర్తును గమనించకపోతే రోగి గతి ఏమిటి? కీళ్లవాతమనుకుని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతాడు. ఆ మాత్రలు అదేపనిగా వాడితే కిడ్నీలు చెడే ప్రమాదం ఉంది. తాగే నీళ్లు మాత్రం అవే. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి మళ్లించే మందు ఇప్పటికీ లేదు. కాబట్టి ఈ జబ్బులో ఎక్స్‌రే చూపించే వైద్యం మాత్ర కాదు, నీరు. ఒక మనిషి వెన్నెముక ఫొటో ఊరందరి బోరు మార్చమని చెబుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చునని మన దేశ ప్రమాణం.

కొందరిలో మెడ దగ్గర వెన్నుపాము ఉన్న గొట్టం ఇరుకై కాళ్లు పట్టు తప్పుతాయి. అలాంటివారికి ఎం.ఆర్.ఐ. స్కానింగు తీస్తే నరం ఎక్కడ, ఎంత మేర నలుగుతున్నదో తెలుస్తుంది. ఆపరేషన్ వల్ల ఉపయోగం ఉందో లేదో దాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఎక్స్‌రే సరిపోయే చోట ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. కావలసిన చోట ఎం.ఆర్.ఐ. అన్న వివేకం ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది.

రాతి పొడి, క్షయ

రెండో పాఠం ఊపిరితిత్తులది. మార్కాపురం పలకలతో అక్షరాలు దిద్దని తరం మనలో తక్కువ. ఆ పలక రాయిని గనుల్లో తవ్వేవారు, కోసేవారు, రాళ్ల మిల్లుల్లో పనిచేసేవారు రోజూ రాతి పొడి పీలుస్తారు. చీమకుర్తి వంటి చోట్ల క్వారీ పని వేలాది కుటుంబాలకు కూడు పెడుతున్నది. రాయి రకాన్ని బట్టి ప్రమాదం హెచ్చుతగ్గుగా ఉంటుంది గాని, సిలికా ఎక్కువ ఉన్న రాతి పొడి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గడ్డలు కట్టి, అవి గట్టిపడి, ఆయాసం తిరిగిరాని స్థితికి చేరుతుంది.

సిలికోసిస్ ఎక్స్‌రే, క్షయ ఎక్స్‌రే పైపై చూపుకు ఒకదానినొకటి పోలి ఉంటాయి. రెండింటిలోనూ ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు కనిపించవచ్చు. రెండింటిలోనూ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటాయి. "ఏం పని చేస్తావు?" అన్న ఒక్క ప్రశ్న అడగకపోతే రాళ్ల కూలీకి క్షయ మందులు ఇచ్చి పంపుతారు. ఆరు నెలలు వాడినా ఆయాసం తగ్గదు. మళ్లీ అవే మందులు మొదలు. మరో చిక్కు కూడా ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు. అందుకే ఫిల్ము చూడడంతో పాటు పని వివరం అడగాలి, తెమడ పరీక్ష కూడా చేయించాలి.

ఇది మందుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధి అని 1948 ఫ్యాక్టరీల చట్టం పేర్కొన్నది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలోనూ దానికి చోటు ఉండేది. ఫిల్ము మీద "క్షయ" అని రాస్తే కూలీకి ఆ హక్కు పోతుంది. చదివేవాడి కలం ఒక కుటుంబం భవిష్యత్తును ఇటో అటో తేలుస్తుందన్న మాట.

ఇక క్షయ సంగతి. తెమడ పరీక్షే క్షయను నిర్ధారిస్తుంది. ట్రూనాట్, సి.బి.నాట్ వంటి పరీక్షలు గంటల్లో ఫలితం చెబుతున్నాయి. అలాంటప్పుడు ఎక్స్‌రే ఎందుకని కొందరి ప్రశ్న. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిగిన క్షయ సర్వే ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే, దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది లెక్కకు రాకుండా పోయేవారు. అంటే వందమంది క్షయ రోగుల్లో నలభై ఇద్దరికి పైగా పెద్దగా దగ్గు లేకుండానే, జబ్బు ఉన్నదని తెలియకుండానే తిరుగుతున్నారు. ఇంట్లో పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. ఎవరికి సోకుతున్నదో ఎవరికి తెలుసు?

ఈ సర్వే తర్వాతనే చేత్తో మోసుకుపోయే చిన్న ఎక్స్‌రే యంత్రాలకు ప్రాముఖ్యం వచ్చింది. 2024 డిసెంబరు 7న ప్రారంభమైన వంద రోజుల క్షయ ఉద్యమంలో వాటిని ఊళ్లకు తీసుకువెళ్లారు. ఆ ఫిల్మును కంప్యూటరే మొదట చూసి అనుమానం ఉన్నవారిని వేరుచేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పదిహేనేళ్లు, ఆ పైబడినవారి విషయంలో ఆమోదించింది. రేడియాలజిస్టు లేని ఊరికి ఇది మేలే. అయితే కంప్యూటర్ చెప్పేది అనుమానం మాత్రమే. తెమడ పరీక్షతో నిర్ధారణ కావాలి. శిబిరం పెట్టి, ఫొటోలు తీసి, అనుమానితులకు తెమడ పరీక్ష చేయకుండా యంత్రం సర్దుకుని వెళ్లిపోతే ఊరికి ఒరిగేదేమీ లేదు.

క్షయ అని తేలితే భయపడవలసిన పని లేదు. మందులు ఉచితం. చికిత్స జరిగినన్నాళ్లు పోషకాహారం కోసం రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేశారు.

పక్షవాతానికి గంటలే గడువు

ఫొటో ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చే జబ్బు పక్షవాతం. మూతి ఒక పక్కకు వంగడం, ఒక చేయి పైకెత్తలేకపోవడం, మాట తడబడడం ఈ మూడింటిలో ఏది అకస్మాత్తుగా కనిపించినా పక్షవాతమనే అనుకోవాలి. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది, రక్తనాళం చిట్లినా ఇలాగే ఉంటుంది. పైనుంచి చూసి ఏదో చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడైన డాక్టరుకైనా కష్టం. సి.టి. స్కానింగు నిమిషాల్లో తేల్చి చెబుతుంది.

ఇందులో తేడా మామూలుది కాదు. నాళం మూసుకుపోయి ఉంటే గడ్డను కరిగించే ఇంజక్షను ఇవ్వాలి. రక్తం చిట్లి ఉండగా అదే ఇంజక్షను ఇస్తే మనిషి చనిపోవచ్చు. అందుకే స్కానింగు లేకుండా ఆ మందు ముట్టరు. ఆ మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు అందాలి. ఎంత తొందరగా అందితే అంత మేలు. మొదటి గంటల్లో తీసిన సి.టి.లో రక్తం చిట్లలేదని తెలుస్తుంది గాని, నాళం మూసుకుపోయిన ఆనవాలు ఒక్కోసారి కనిపించదు. "స్కానింగులో ఏమీ లేదు" అన్నంత మాత్రాన పక్షవాతం కాదని ఇంటికి తీసుకురాకూడదు.

మన పల్లెల్లో ఆ నాలుగున్నర గంటలు ఎలా గడుస్తున్నాయి? తెల్లవారుజామున చేయి పడిపోతే ముందు ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరును పిలుస్తారు. ఆయన ఒక సెలైను పెడతాడు. తరవాత పసరు మందు ఇచ్చేచోటుకు తీసుకువెళతారు. మధ్యాహ్నానికి పక్క పట్నం చేరితే అక్కడ ఎక్స్‌రే ఉంటుంది, సి.టి. ఉండదు. కనిగిరి నుంచి ఒంగోలుకు బస్సులో రెండు గంటలకు పైనే. సాయంత్రానికి స్కానింగు గది గుమ్మం చేరతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందం.

కాబట్టి గ్రామస్థులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, లక్షణం కనిపించిన సమయాన్ని చీటీ మీద రాసుకోవాలి. డాక్టరు మొదట అడిగేది అదే. రెండు, 108 వచ్చినప్పుడు "దగ్గరి ఆసుపత్రికి" అనకుండా "సి.టి. స్కానింగు ఉన్న ఆసుపత్రికి" అని అడగాలి. స్కానింగు అయ్యేదాకా ఎవరిచ్చిన మాత్రా మింగించవద్దు, నీళ్లు పట్టవద్దు. మోటారు సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి వాంతులు అవుతున్నా, మగతగా ఉన్నా ఇదే దారి.

కాన్పు స్కానింగు

గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. చెవికి వినిపించని ధ్వని తరంగాలు లోపలికి వెళ్లి తిరిగి వచ్చి బొమ్మ కడతాయి. గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో దీని ఉపయోగాన్ని ప్రకటించింది. బిడ్డకు కిరణాలు తగులుతాయని భయపడి స్కానింగు మానుకోనక్కరలేదు. 24 వారాలు నిండకముందు ఒకసారి తప్పక చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది.

ఆ ఒక్క స్కానింగు చెప్పేది చాలా ఉంది. కాన్పు తేదీ సరిగా తెలుస్తుంది. కవలలైతే తెలుస్తుంది. బిడ్డ ఎదుగుదలలో లోపముంటే చాలావరకు బయటపడుతుంది. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుగా కిందికి ఉన్నదా అన్నది మరీ ముఖ్యం. అలా ఉంటే నొప్పుల సమయంలో కుండపోతగా రక్తం పోతుంది. ముందే తెలిస్తే నెలలు నిండకముందే రక్తం దొరికే పెద్దాసుపత్రి దగ్గర ఉంచుతారు, ఆపరేషన్ చేసి తల్లీబిడ్డలను కాపాడతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి ఉంది. ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.

ఇదే యంత్రాన్ని ఆడబిడ్డ గొంతు నులిమే పనికి వాడుకున్నవారూ ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 జనాభా లెక్కల నాటికి 939కి పడిపోయారు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. చెప్పిన డాక్టరుకు మూడేళ్ల వరకు జైలు. అడిగిన భర్తకు, అత్తమామలకు కూడా మూడేళ్ల వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా. ఒత్తిడి చేసి తీసుకువచ్చిన గర్భిణిని చట్టం నేరస్థురాలిగా చూడదు. మాయ ఎక్కడుందో చూడవలసిన కన్నుతో ఆడో మగో చూడమనేవారికి ఊరి పెద్దలే బుద్ధి చెప్పాలి.

విరిగిన ఎముక

చెట్టు మీద నుంచి పడినా, ట్రాక్టరు తగిలినా మనవాళ్లలో చాలామందికి మొదట గుర్తొచ్చేది కట్టు కట్టే ఇల్లు. పుత్తూరు కట్టుకు రాయలసీమలోనే కాదు, దూర ప్రాంతాల్లోనూ పేరుంది. కట్టు మీద నమ్మకం ఉన్నవారిని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. ఎముకకు సన్నని చీలికే వచ్చిందా, రెండు ముక్కలై పక్కకు తొలగిందా, కీలు లోపల విరిగిందా అన్నది వేళ్లతో తడిమితే పూర్తిగా తెలియదు. కీలు దగ్గర విరిగినా, చర్మం చీల్చుకుని ఎముక బయటకు వచ్చినా, వేళ్లు చల్లబడి నీలంగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవలసిందే. పిల్లలకు మోచేతి దగ్గర విరిగితే మరింత జాగ్రత్త కావాలి. కట్టు బిగువైతే రక్తం ఆడక చేయి జీవితాంతం వంకరపోతుంది. పిండికట్టు వేసిన తరవాత మరో ఎక్స్‌రే తీస్తారు. అది దండగ కాదు, ఎముక సరిగ్గా కూర్చున్నదో లేదో చూసుకోవడానికే.

అక్కరలేని స్కానింగులు

కావలసినవారికి ఫొటో దొరకని చోటనే, అక్కరలేనివారికి వద్దన్నా దొరుకుతున్నది. కోతల కాలంలో పది రోజులు నడుము నొప్పి వస్తే ఎం.ఆర్.ఐ. రాసేవారున్నారు. మామూలు నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. వయసు మళ్లినవారికి నొప్పి లేకపోయినా ఎం.ఆర్.ఐ.లో డిస్కు అరుగుదల కనిపిస్తుంది. తల నెరవడం ఎంత సహజమో అది కూడా అంతే. ఆ ఫిల్ము చూసి బెదిరిపోయి ఆపరేషన్‌కు పొలం తాకట్టు పెట్టేవారున్నారు. కాలు పట్టు తప్పడం, మలమూత్రాలు తెలియకుండా పోవడం, జ్వరంతో కూడిన నొప్పి, బరువు తగ్గడం, దెబ్బ తగలడం వంటివి ఉంటే మాత్రం స్కానింగు వెంటనే అవసరం.

ఫొటోలన్నీ ఒకే రకం కావు. ఎక్స్‌రే, సి.టి.లలో కిరణాలు ఉంటాయి. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.లలో ఆ కిరణాలు ఉండవు. భూమి నుంచి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా కొంత కిరణ ప్రసారం సోకుతూనే ఉంటుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేతో సోకేది సుమారు పది రోజుల్లో సహజంగా సోకేదానితో సమానం. భయపడవలసిందేమీ లేదు. కడుపు సి.టి. ఒక్కటి మాత్రం రెండు మూడేళ్లలో సోకేదానికి సమానం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది లెక్కలోనిది కాదు. ఊరికే తీయించుకుంటే మాత్రం లెక్కలోనిదే. పిల్లలకు, గర్భిణులకు మరీ జాగ్రత్త అవసరం. గర్భం ఉన్నదేమోనన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. ఎక్స్‌రే యంత్రం నడపడానికి కేంద్రంలోని అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. తోడు వచ్చినవారిని ఫొటో తీసే వేళ గది బయట నిలబెట్టాలి.

1895 నవంబరు 8న ఎక్స్‌రేను కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ దానిపై పేటెంటు తీసుకోలేదు. లోకమంతా వాడుకోవాలని వదిలేశాడు. ఆ కిరణం పేరు చెప్పి పేదవాడి దగ్గర రెండుసార్లు, మూడుసార్లు డబ్బు గుంజడం, పంపినవారికి వాటా ఇవ్వడం చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది.

చదివేవారు ఏరీ?

ప్రభుత్వ ఆసుపత్రికి యంత్రం వచ్చినప్పుడు ప్రారంభోత్సవం జరుగుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. టెక్నీషియన్ బదిలీ అయినప్పుడు మాత్రం వార్త ఉండదు. యంత్రం ఉండి నడిపేవాడు లేని చోట గదికి తాళం పడుతుంది. నడిపేవాడు ఉండి చదివేవాడు లేని చోట ఫిల్ము కవరులో పడుతుంది. రేడియాలజిస్టులు పట్నాలు దాటి రావడం లేదన్నది అందరికీ తెలిసినదే.

దీనికి ఒక దారి ఉంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేను ఇంటర్‌నెట్ ద్వారా దూరాన ఉన్న నిపుణుడికి పంపితే ఆయన చదివి రిపోర్టు పంపుతాడు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత రోగనిర్ధారణ పథకంలో ఈ పద్ధతికి, జిల్లా ఆసుపత్రుల్లో సి.టి. స్కానింగుకు చోటు కల్పించారు. మంచి ఏర్పాటే. అయితే దూరాన ఉన్న నిపుణుడికి ఫిల్ము కనిపిస్తుంది గాని మనిషి కనిపించడు. గూని నడక కనిపించదు, గోళ్లలో రాతి పొడి కనిపించదు. 1937లో నీటిని, మనిషిని, ఫిల్మును ఒకచోట పెట్టి చూసినవారు ఆ రహస్యం కనిపెట్టారు. ఈనాడు అవి మూడూ మూడు చోట్ల ఉండిపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా గుడ్డిదే.

దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ఎక్స్‌రేకు పంపేటప్పుడు డాక్టరు రాసే చీటీ మీద నాలుగు మాటలు చాలు. రోగి వయసు, బాధ ఎన్నాళ్ల నుంచి, చేసే పని, తాగే నీరు. "రాళ్ల మిల్లులో పన్నెండేళ్లు" అని ఉంటే చదివేవాడి చూపు మారుతుంది. "బోరు నీరు, ఫ్లోరైడ్ ఊరు" అని ఉంటే చూపు వెన్నుపూసల అంచు మీదికి పోతుంది. నేటి చీటీల మీద "ఛాతీ ఎక్స్‌రే" అన్న రెండు మాటలే ఎక్కువగా కనిపిస్తున్నాయి.

చేయవలసింది

ఎక్స్‌రే ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద యంత్రం పనిచేసే వేళలు, పనిచేయకపోతే ఎప్పటి నుంచి పనిచేయడం లేదో, ఫిర్యాదు ఏ తేదీన పంపారో తెలుగులో రాసి పెట్టాలి. టెక్నీషియన్ సెలవు పెడితే బదులు మనిషి రావాలి. ఫిల్ముతో పాటు రాతపూర్వకంగా రిపోర్టు అదే రోజు ఇవ్వాలి. అందులో రోగికి అర్థమయ్యేలా రెండు వాక్యాలు తెలుగులో ఉండాలి. పలక గనుల, క్వారీల, రాళ్ల మిల్లుల కూలీలకు ఏడాదికొకసారి ఛాతీ ఎక్స్‌రే తీసి, పని వివరంతో సహా చదివించాలి. ఫ్లోరైడ్ ఊళ్లలో నీటి పరీక్ష కాగితం, ఎక్స్‌రే రిపోర్టు ఒకే ఫైలులో ఉండాలి. ఆరోగ్య శాఖ, నీటి సరఫరా శాఖ ఒకరి కాగితం మరొకరు చూడకపోతే 1937కు ముందున్న చోటే ఉన్నట్లు.

పంచాయతీలు చేయగలిగిందీ ఉంది. రాత్రిపూట సి.టి. స్కానింగు ఎక్కడ పనిచేస్తుందో కనుక్కుని పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. గ్రామసభలో ఆసుపత్రి యంత్రం సంగతి ఒక అంశంగా పెట్టాలి. సిమెంటు రోడ్డు గురించి అడిగినంత గట్టిగా ఎక్స్‌రే గది తాళం గురించీ అడగాలి.

ఇక రోగులు, వారి కుటుంబాలు. పాత ఫిల్ములు, రిపోర్టులు పారేయవద్దు. ఎండ, తేమ తగలకుండా ఒక సంచిలో తేదీల వరుసన దాచుకోవాలి. ఫోనులోకి వచ్చిన ఫొటో ఉంటే దాన్నీ చెరిపేయవద్దు. కొత్త డాక్టరుకు పాతది చూపితే జబ్బు పెరిగిందో తగ్గిందో పోల్చి చూడగలుగుతాడు, ఒక్కోసారి కొత్తది తీయవలసిన అవసరమే ఉండదు. ఫొటో రాసినప్పుడు "ఇది ఎందుకండీ? దీనివల్ల మందు మారుతుందా?" అని మర్యాదగానే అడగాలి. ఫొటో వచ్చాక "ఇందులో ఏముందండీ?" అని అడగాలి. ఏ పని చేస్తారో, ఏ నీళ్లు తాగుతారో డాక్టరు అడగకపోయినా తామే చెప్పాలి. చదువు రానివారు కూడా అడగగల ప్రశ్నలే ఇవి.

మన తాతల వెన్నెముకల ఫొటోలు చదివి వైద్య శాస్త్రం ఒక పాఠం నేర్చుకున్నది. ఆ తాతల మనుమలు ఫొటో తీయించుకుని, అందులో ఏముందో తెలియక, కవరు చూరులో దోపుకుని బతకవలసిన స్థితి కొనసాగడం ఎంతమాత్రం సబబు కాదు. జిల్లా ఆరోగ్య అధికారులు ముందుగా తాళాలున్న ఎక్స్‌రే గదుల జాబితా తీసి ప్రజల ముందు పెట్టాలి. పని అక్కడి నుంచి మొదలవుతుంది.